మోటారు బండి ఊపిరి



నేటి నా ప్రసంగ విషయము మోటారు బండి ఊపిరి. బండి చమురు త్రాగునని ఎల్లరు నెఱుగుదురు. అది గాలిని భుజించునని తలచువారు అరుదు. ఒక లీటరు పెట్రోలు చక్కగా దగ్ధమగుటకు సుమారు 11 కిలోగ్రాముల గాలి వలయును. మన నెల్లూరు సీమలో ఎండకాలమున అంత గాలి 9,000 లీటర్లకు మించిన చోటు నాక్రమించును. చమురు వెలపెట్టి కొనవలసినది గనుక దాని లెక్క చూచుకొందుము. గాలి ఊరక లభించునది గనుక దాని లెక్క నెవ్వరు నడుగరు.

ఐనను ఇటీవల మన గ్రామములలోని యువకులు కొందఱు ఈ గాలిని గూర్చి మిక్కిలి విచారించుచున్నారు. వేగముగల కార్లపై వారికి మక్కువ మెండు. కొత్త గాలిగొట్టము పెట్టించిన బలము హెచ్చునని, బానెట్టునకు రంధ్రములు చేయించిన ఇంజను చల్లబడునని చెప్పి, ఇంటి పెద్దలయిన మిమ్ము వేలకొలది రూపాయలడుగుదురు. ఆ మాటలలో సత్యమెంత, భ్రమ యెంత? సొమ్మిచ్చువారు కారణము తెలిసికొని ఇచ్చుట మేలు గదా. అందుకొఱకే ఈ ప్రసంగము.

పూరకము, కుంభకము, రేచకము అను మాటలు మీరు వినియుందురు. ఇంజను సిలిండరులో జరుగునదియు ప్రాణాయామము వంటిదే. పిస్టను క్రిందికి దిగునపుడు గాలి లోనికి వచ్చును, ఇది పూరకము. పిస్టను మీదికి వచ్చునపుడు ఆ గాలి బిగియబడును, ఇది కుంభకము. అంతట నిప్పు రగిలి, వేడెక్కిన వాయువు పిస్టనును క్రిందికి నెట్టును. బండిని నడపు బలమంతయు ఈ మూడవ దశలో పుట్టునదే. కాలిన పొగ వెలికిపోవుట నాలుగవది, ఇది రేచకము. ఒకటిన్నర లీటరు ఇంజను నిమిషమునకు 3,000 మార్లు తిరుగునపుడు, రెండు చుట్లకొక పూరకము చొప్పున, నిమిషములో 2,250 లీటర్ల గాలిని పీల్చగలదు.

ఇందొక సూక్ష్మము గలదు. సిలిండరునకు కొలత తెలియును గాని తూకము తెలియదు. మానికెడు బియ్యమును మానికెడు పేలాలును కొలతకు సమానమే. కడుపు నింపుటకు సమానము కావు. చల్లని గాలి బియ్యము వంటిది, వేడిగాలి పేలాల వంటిది. రోహిణీకార్తెలో బయటి గాలి 40 డిగ్రీల వేడి గలిగియున్నదనుకొందము. బానెట్టు క్రింద తిరుగుచు అదే గాలి 70 డిగ్రీలకు చేరినచో దాని సాంద్రత నూటికి దాదాపు 9 పాళ్లు తగ్గును. గాలి తగ్గినంత మేర చమురును తగ్గించియే కాల్చవలెను. బలమును ఇంచుమించుగా నంతయే తగ్గును.

వేడిగాలి వలన పెట్రోలు ఇంజనునకు మఱియొక కీడు గలదు. గాలిని బిగించినకొలది అది ఇంకను వేడెక్కును. ఆది యందే వేడిగా నున్న గాలి మితిమీరి కాగుటచే, నిప్పురవ్వ నుండి మంట వ్యాపించి వచ్చు లోపుగనే మిగిలిన మిశ్రమము తనంతట తానే భగ్గుమనును. లోపల చిన్న సుత్తితో కొట్టినట్లు శబ్దము వినవచ్చును. అట్లే నడిపిన పిస్టను చెడును. నేటి కార్లలోని గణనయంత్రము ఆ శబ్దమును కనిపెట్టి నిప్పురవ్వను ఆలస్యపఱచును. అందుచే ఇంజను బ్రతుకును గాని బలము కొంత నశించును.

ఆ వేడి ఎక్కడనుండి వచ్చునన, చమురు లోని శక్తి నుండియే. స్థూలముగ చెప్పవలెనన్న, పెట్రోలులోని శక్తిలో మూడవ వంతు మాత్రమే చక్రములకు పనికివచ్చును. ఇంకొక మూడవ వంతు పొగగొట్టమున పోవును. మిగిలినది రేడియేటరు నీటి ద్వారమునను, ఇంజను ఒంటి నుండియు గాలిలో కలియును. కావున ఇంజనునకు రెండు విధములైన గాలి వలయును. భుజించుటకొక గాలి, తాపమును కడిగివేయుట కొక గాలి. మొదటిది చల్లగాను శుభ్రముగాను ఉండవలెను. రెండవది ధారాళముగ వచ్చి ధారాళముగ పోవలెను. ఈ రెండును కలియరాదు. నేను చెప్పదలచిన దాని సారమంతయు నిదియే. తక్కినది దీనికి వ్యాఖ్యానము.

నెల్లూరు నుండి మద్రాసునకు పాత ట్రంకు రోడ్డున పోయినవారు షోలవరము నెఱుగుదురు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానముల బాట యొకటి అచ్చట నుండెను. 1953లో నేర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు వారు ఆ బాటపై ఏండ్ల తరబడి కారు పందెములు నడిపిరి. పిదప వారు శ్రీపెరుంబుదూరు దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలో వేఱుగ పందెపు బాటను నిర్మించుకొనగా, 1990 నుండి పందెము లచ్చటికి మారినవి. షోలవరమున పరుగెత్తినవన్నియు విదేశముల నుండి వచ్చిన చిత్రమైన బండ్లు కావు. మనము పెండ్లిండ్లకు అద్దెకు తెచ్చుకొన్న అంబాసిడరు, ఫియట్టు కార్ల వంటివే, మార్పులు పొంది, అచ్చట పందెమునకు దిగెడివి. దక్షిణదేశపు ఎండలో అట్టి బండిని చివరి చుట్టు వఱకు అలయకుండ నడపవలెనన్న, గాలి రాకపోకలు చక్కబఱచుకొనక తప్పదు.

పందెపు బండ్లవారు చేయు పనిలో మూడు మెట్లున్నవి. మొదటిది గాలి తీసికొను చోటును నిర్ణయించుట. బండి ముందుభాగమున, రేడియేటరు వేడి తగులని తావున గొట్టపు నోరు నుంచి, ఇంజను వేడి సోకకుండ రేకు అడ్డు పెట్టి, ఫిల్టరు పెట్టెకు గాలిని చేర్తురు. రెండవది రేడియేటరు ప్రక్కసందులను మూయుట. ముందునుండి వచ్చిన గాలి సులువైన సందు దొరికిన రేడియేటరును తప్పించుకొని పోవును. తూములోనికి పోవలసిన నీరు గండిబడిన గట్టున పోయినట్లు. మూడవది, అందఱు మఱచునది, వేడిగాలి వెడలు దారి. వంటయింటి వాకిలి యెంత పెద్దదైనను, పైన గవాక్షము లేకున్న పొగ పోదు. బానెట్టు క్రింద నిండిన గాలి వెడలనిచో ముందునుండి కొత్తగాలి లోనికి రానేరదు.

ఆ దారి యెచ్చట నుండవలెను? అద్దమునకు దగ్గఱగ బానెట్టు వెనుక అంచును కొంచెమెత్తి ఉంచుట కొందఱి అలవాటు. బండి నిలిచియున్నపుడు వేడిగాలి అందుండి పైకి పోవుట నిజమే. కాని బండి వేగముగ పోవునపుడు ఎదురుగాలి అద్దమునకు కొట్టుకొని ఆ మూల ఒత్తిడిని పెంచును. అపుడు ఆ సందున గాలి వెడలుటకు మాఱుగ లోనికి చొరబడును. బానెట్టు ముందుభాగమున, రేడియేటరునకు కొంచెము వెనుకగ, గాలి వంపు తిరిగి పైకి ఎగయు తావున ఒత్తిడి తక్కువ. వేడిగాలిని వెలికి లాగుకొను చోటు అది. దీనిని తెలిసికొనుటకు గొప్ప యంత్రములక్కఱలేదు. బానెట్టుపై అడుగుకొక దారపు పోగును అంటించి, విశాలమైన చోట బండిని నడిపించి, వేఱొకరు ప్రక్క బండి నుండి చూచిన చాలును. పోగు లేచి రెపరెపలాడు చోటు, చదునుగ అణగియుండు చోటు కంటికి కనబడును.

వేగము వలననే గాలి ఇంజనులోనికి దట్టముగ క్రుక్కబడునని చెప్పి కొందఱు పెద్ద నోరు గల గొట్టముల నమ్ముదురు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి కలిగించు ఒత్తిడి వాతావరణపు ఒత్తిడిలో నూటికి అరపాలైనను లేదు. వేగముచే గాలి నిజముగ బిగియుట చూడవలెనన్న మన కోస్తాలోని శ్రీహరికోటనే తలచుకొనవలెను. 2016 ఆగస్టు 28న భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు అచ్చటినుండి పంపిన రాకెట్టులో గాలిని పీల్చు స్క్రామ్‌జెట్టు ఇంజనులను పరీక్షించిరి. ధ్వనికంటె ఆఱురెట్ల వేగమున పోవుచు అవి సుమారు 5 సెకండ్లు మండినవి. గాలిని బిగించుటకు అందు పిస్టనును లేదు, తిరుగు చక్రమును లేదు. వేగమే ఆ పని చేసెను. ఊరి బాటపై పోవు కారునకు అట్టి లాభము రాదు. దానికి చేకూరగల మేలు చల్లదనము వలననే.

ఇక మన పిల్లల ముచ్చటకు వత్తము. అంగడిలో దొరకు శంఖాకారపు ఫిల్టరును బానెట్టు క్రింద బట్టబయలుగ బిగించిన, ఇంజను గర్జన పెరుగును. యువకుడు బలము పెరిగినదనుకొనును. నిజమునకది రేడియేటరు వెనుక కాగిన గాలినే పీల్చుచుండును. నేటి కార్లలో పెక్కింటికి కర్మాగారము వారే ముందుభాగము నుండి చల్లగాలి వచ్చు గొట్టము నమర్చియిచ్చెదరు. దానిని తీసివేసి ఇది పెట్టుట నేతిగిన్నె నొంపి నూనె పోసికొన్నట్లగును. మఱియొక మాట. పెట్రోలు కారును నెమ్మదిగ నడుపునపుడు గాలి మూత సగమైనను తెఱువబడదు. అప్పుడు గాలి చల్లబడినను బలమున వచ్చు భేద మేమియు లేదు. తొక్కుడు మీటను పూర్తిగ అదిమి పరుగెత్తించు పందెములోనే ఆ 9 పాళ్లు కనబడును. టర్బో గల ఇంజనులకు మాత్రము చల్లదనము సర్వదా ముఖ్యము. టర్బో గాలిని బిగించి వేడిచేయును గనుక, దానిని మరల చల్లార్చు ఇంటర్‌కూలరునకు ఎదురుగాలి బాగుగ తగులవలెను.

మన సముద్రతీరమున ఇంకొక ప్రమాదము గలదు. దీనిని శ్రద్ధగ వినుడు. చల్లగాలి నేలకు దగ్గఱ దొరకునని కొందఱు గొట్టపు నోటిని బంపరు క్రిందికి దించుదురు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మీకు జ్ఞాపకముండును. పడుగుపాడు దగ్గఱ రైలుకట్ట కొట్టుకొనిపోయినది. జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచినవి. అట్టి నీటిలో పల్లమున నున్న గొట్టము గాలికి మాఱుగ నీటిని పీల్చును. గాలి బిగియును గాని నీరు బిగియదు. పిస్టను మీదికి వచ్చి, నీరు లొంగక, కనెక్టింగు రాడ్డు వంగిపోవును. ఒక్క గ్రుక్క నీటికి ఇంజనంతయు పాడగును. కావున నీటిలో బండి ఆగిపోయిన మరల స్టార్టు చేయరాదు. త్రోసియో లాగించియో గట్టునకు చేర్చి, మెకానిక్కును పిలిచి, సిలిండరులలో నీరు లేదని తెలిసికొన్న పిదపనే త్రిప్పవలెను. ఇసుకయు నంతియే. ఫిల్టరు లేకుండ పీల్చిన సన్నని ఇసుక సిలిండరు గోడలను ఆకురాయివలె అరుగదీయును. ఉప్పుగాలి రేడియేటరు పలుచని రెక్కలను తినివేయును. వానిని మంచినీటితో మెల్లగ కడుగుచుండవలెను.

కార్లు లేనివారికిని ఈ విషయముతో పని గలదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట ప్రాంతములలో రొయ్యల గుంటలు గలవారు నా మాట ఆలకింతురు గాక. తెల్లవాఱుజామున గుంట నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు వేడెక్కి ఆగిన, ఏరియేటర్లు నిలిచి, పంటయంతయు కొలది గంటలలో చేజారవచ్చును. దొంగలకు వెఱచి జనరేటరు గదిని నాలుగు ప్రక్కల మూసినచో, రేడియేటరు వదలిన వేడిగాలినే ఇంజను మరల పీల్చును. పందెపు కారుకు చెప్పిన సూత్రమే ఇచ్చటను చాలును. ఒక ప్రక్క చల్లగాలి వచ్చు జాలీ కిటికీ. దాని కెదుట, రేడియేటరు నుండి నేరుగ బయటికి పోవు రేకుగొట్టము. మన తీరమున పగలు గాలి సముద్రము నుండి వీచును, రాత్రి భూమి నుండి సముద్రమునకు మరలును. పగటిగాలిని మాత్రమే చూచి దారి పెట్టినచో, అక్కఱ గలిగిన రాత్రివేళ అదే గాలి వేడిని లోనికి త్రోయును. అందుచే వెడలు దారికి ఎదుట అడ్డుగోడ కట్టి వేడిగాలిని పైకి మళ్లింపవలెను. పొగగొట్టమును గది వెలుపలికి, మనుష్యులు నిద్రించు చోటికి దూరముగ తీసికొనిపోవలెను. ఆ పొగలో వాసనయు రంగును లేని విషవాయువు గలదు; మూసిన గదిలో అది ప్రాణములు తీయును.

కావున మీ కుమారుడో మనుమడో బండి మార్పులకు సొమ్మడిగినపుడు కోపింపవలదు, వెంటనే ఈయను వలదు. మూడు ప్రశ్నలడుగుడు. ఇప్పుడు ఇంజను పీల్చు గాలి బయటి గాలికంటె ఎన్ని డిగ్రీలు వేడిగ నున్నది? నేటి కార్లలో ఆ లెక్కను చూపు చిన్న సాధనము మెకానిక్కుల యొద్ద నుండును. బండి సమవేగమున పోవుచుండగా చూచిన ఆ భేదము నాలుగైదు డిగ్రీలే యైనచో మార్చవలసినదేమియు లేదు. రెండవ ప్రశ్న: లోనికి వచ్చిన గాలి ఎటు వెడలును? మూడవది: మోకాలిలోతు నీటిలో ఆ గొట్టపు నోరు ఎక్కడ నుండును? ఈ మూటికి సరియైన సమాధానము చెప్పిన బాలుడు విషయము నెఱిగినవాడు. వానికి సొమ్మిచ్చుట వ్యర్థము కాదు. చెప్పలేనిచో, ముందుగ పాత ఫిల్టరు మార్చి, రేడియేటరు కడిగించి రమ్మనుడు. పెక్కు బండ్లకు కావలసిన చికిత్స యంతమాత్రమే.

ఇక సెలవు.