బోస్టను నగరమున భీమవరపు విద్యార్థి

తెలుగువారి పెండ్లిండ్లలో స్నాతకము ముగిసిన పిమ్మట వరుడు గొడుగు పట్టి, పావుకోళ్ళు తొడిగి, విద్యకై కాశీకి బయలుదేరును. నాలుగడుగులు వేయకముందే పెండ్లికూతురి సోదరుడు ఎదురేగి, బెల్లపుముక్క చేతబెట్టి, కాశీకి పోవలదని, తమ పిల్లను పరిగ్రహింపుమని బ్రతిమాలి వెనుకకు మరలించును. చూచువారికి ఇది వేడుక. కాని మన పూర్వులు ఈ వేడుకలో ఒక నిజమును దాచియుంచిరి. పై చదువులకై దూరదేశము పోవువాడు ఎప్పుడు మరలివచ్చునో, అసలు వచ్చునో రాడో ఎవరును చెప్పలేరు. ఆపదలచినవారు పొలిమేర దాటకముందే ఆపవలెను.

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు విషయమున ఈ తంతు తలక్రిందయ్యెను. ఆయనకు 1919లో వివాహమైనది. కొలది యేండ్లకే అమెరికాకు బయలుదేరవలసి వచ్చినప్పుడు, వెనుకకు మరలింపవలసిన అత్తవారే ప్రయాణమునకు సాయపడిరి. మామగారు ధనము కూర్చి యిచ్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి వారు తోడ్పడుదుమని మాట యిచ్చిరి. ఆ నిధి వెనుకను ఒక వలసకథ కలదు. దాని స్థాపకుడు బర్మా దేశమునకు పోయి, వర్తకముచేసి ఆ సొమ్ము గడించెను. బ్రతుకుతెరువునకై సముద్రము దాటినవాని ధనము, విద్యకై సముద్రము దాటువానికి ఆసరా అయ్యెను. మూడేండ్లలో తిరిగి వచ్చెదనని భార్యతో చెప్పి సుబ్బారావు ఓడ యెక్కెను. ఆ మాట నిలువలేదు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. పసితనముననే ధనము గడింపవలెనని కాశీకి బయలుదేరి, త్రోవలోనే పట్టుబడి ఇంటికి చేరెనని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. గోదావరి మండలమునుండి ఆయన మద్రాసునకు పోయెను. కాని ఆనాటి మద్రాసు తెలుగువానికి పూర్తిగా పరాయి యూరు కాదు. అది తెలుగు జిల్లాలకును ముఖ్యపట్టణము. తెలుగు పత్రికలు, తెలుగు ముద్రణాలయములు, తెలుగు మాట వినబడు వీధులు అచట నుండెను. ఇంటిమీద బెంగ కలిగినచో రాత్రి రైలెక్కిన తెల్లవారునప్పటికి స్వస్థలపు చాయలకు చేరవచ్చును.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు ధరించెను. శస్త్రచికిత్సాశాలలో తొడుగు అంగీని సైతము ఖద్దరుతో కుట్టించుకొనెను. శస్త్రశాస్త్ర ఆచార్యునకు ఇది రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులుగా ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే చేతికి వచ్చెను. ఆ వెలితి సముద్రము దాటినను ఆయనను వెన్నాడినది.

అంతకుమించిన దుఃఖము మరొకటి కలదు. జీర్ణశక్తిని హరించి, మనిషిని ఎముకలగూడుగా మార్చు స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను ఇరువురను కొలది దినముల యెడముతో బలిగొనెను. కొంతకాలమునకు ఆ వ్యాధియే ఆయనకును సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ప్రాణము దక్కినది. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో ఆయన శరీరశాస్త్రము బోధించెను. తన సోదరుల నేమి చంపినది, తన్నేమి బ్రతికించినది అను ప్రశ్నకు మాత్రము సమాధానము దొరకలేదు. ఆ ప్రశ్నయే ఆయనను హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయమునకు నడిపించినది.

భీమవరము భూమధ్యరేఖకు పదియారు, పదియేడు డిగ్రీల ఉత్తరమున నున్నది. బోస్టను నలుబదిరెండు డిగ్రీల ఉత్తరమున నున్నది. అక్టోబరు చివర అచట అడుగుపెట్టినవానికి చెట్లు ఆకులు రాల్చుచు కనబడును. డిసెంబరు వచ్చునప్పటికి సాయంకాలము నాలుగుంబావునకే సూర్యుడస్తమించును. జనవరిలో నీరు గడ్డకట్టును. అట్లాంటిక్ సముద్రముమీదుగా వచ్చు గాలి, ఉన్ని కోటు తొడిగినను ఎముకలను తాకును. వరిచేలు, కాలువగట్లు, చెమట పట్టు సాయంకాలములు ఎరిగినవానికి ఆ చలి సామాన్యమైనది కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రధాన భవనములు చార్లెసు నదికి ఆవలియొడ్డున నుండగా, వైద్య కళాశాల మాత్రము బోస్టను నగరముననే 1906లో కట్టిన తెల్లని పాలరాతి సౌధములలో నుండెను. వేడిదేశపు రోగములను గూర్చి మంచు కురియు నగరమున చదువుకొనుట వింతగానే తోచును. కాని ఆ తరగతిలో తక్కినవారికి పాఠములోని విషయమైన రోగము ఈ విద్యార్థికి స్వానుభవము.

క్రొత్త నగరమున కుదురుకొనుటకు విద్యార్థికి నాలుగు కావలెను: తల దాచుకొనుటకు తావు, తినుటకు తిండి, మాటాడుటకు మనిషి, చేతినిండ పని. ఆనాటి బోస్టనులో తెలుగు పూటకూళ్ళ యిల్లు లేదు. ఊరగాయ జాడీ పంపువారు లేరు. తల్లికి జాబు వ్రాసిన అది ఓడలమీద వారములకొలది ప్రయాణము చేయవలెను. బదులు వచ్చునప్పటికి ఇచట ఋతువే మారిపోవును. ఈ కష్టములు దూరదేశము పోయిన ప్రతి విద్యార్థియు ఎరిగినవే. సుబ్బారావునకు వీనికి తోడు మరి రెండు అడ్డుగోడలు నిలిచెను.

మొదటిది చట్టము. అమెరికా ప్రభుత్వము 1917లో చేసిన శాసనము ఆసియాలోని పెక్కు దేశములవారి వలసను నిషేధించినది. విద్యార్థులకు మాత్రము మినహాయింపు ఇచ్చినది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అను పంజాబువాసి వ్యాజ్యమున ఆ దేశపు ఉన్నత న్యాయస్థానము, భారతీయులు అమెరికా పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. అనగా చదువుకొనుటకు రావచ్చును గాని, ఆ గడ్డను తనదని చెప్పుకొనుటకు వీలులేదు. అతిథికి అరుగు చూపి లోగిలి తలుపు మూసినట్లు ఆ నగరము ఆయనను ఆహ్వానించెను.

రెండవది జీవనోపాధి. ఇంటినుండి తెచ్చిన ధనము ఎంతకాలము వచ్చును? వైద్యుడే గదా, ఏదేని ఆసుపత్రిలో వైద్యపు కొలువు చేయవచ్చునని తోచును. కాని ఖద్దరు అంగీ మూలమున వచ్చిన చిన్న పట్టము అందుకు చాలలేదు. అందుచే మద్రాసులో విద్యార్థులకు శరీరశాస్త్రము బోధించినవాడు, బోస్టనులో ఆసుపత్రి రాత్రి సేవకుడుగా చేరెను. రోగుల మలమూత్ర పాత్రలను తీసి కడుగుట ఆయన పనులలో నొకటి. ఆచారవంతమైన నియోగి కుటుంబమున పుట్టినవాడు, మహాత్ముని బోధ విని ఖద్దరు కట్టినవాడు, ఆ బోధలోని మరొక భాగమును ఇట్లు చేతలలో నేర్చుకొనెను. పగలు పాఠశాల, రాత్రి ఆసుపత్రి. నగరమును చూచుటకు తీరిక దొరకని విద్యార్థికి ఆ నగరము తన రోగుల రూపమున కనబడుచుండెను. నిద్రలో మూలిగినప్పుడు ఏ దేశపు మనిషి మూలుగైనను ఒక్కటే.

ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిన పిమ్మట ఆయన వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగమున సైరసు ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పరిశోధన సాగించెను. ఆయనకు బోస్టనులో నిజమైన నివాసము అచటనే దొరకినది. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో తేల్చుటకు వీరొక సులభమైన పద్ధతి కనుగొని 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, మరొక రసాయనమును చేర్చిన నీలవర్ణము పుట్టును. భాస్వరమెంత యెక్కువయైన నీలమంత చిక్కనగును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేరుతో జీవరసాయన విద్యార్థులు దానిని నేటికిని నేర్చుకొందురు.

ఆ నీలవర్ణము వారికి మరొక ద్వారము తెరచినది. కండరము పనిచేయుటకు బలమెచ్చటనుండి వచ్చును? 1922లో నోబెల్ బహుమానము పొందిన పరిశోధనలు లాక్టిక్ ఆమ్లమును ప్రధానముగా చూపినవి. ఫిస్కే, సుబ్బారావులు కండరమున ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొని 1927లో ప్రకటింపగా, ఆ సిద్ధాంతమును సవరింపవలసి వచ్చెను. 1929లో ఏ.టి.పి. అను సంక్షిప్తనామమున నేడు పాఠశాల పుస్తకములలో సైతము కనబడు పదార్థమును వారు గుర్తించిరి. అదే యేట జర్మనీలో లోహ్మాన్ విడిగా దానినే కనుగొనెను. జీవకణమునకు శక్తినిచ్చు ఆ పదార్థమును వెదకి తీసినవారిలో, కొలది యేండ్ల క్రిందట ఆసుపత్రిలో రాత్రులు మేల్కొన్న తెలుగు విద్యార్థి ఒకడు. 1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టము లభించెను.

మూడేండ్ల గడువు ఎప్పుడో దాటిపోయినది. ఇంటివద్ద ఒక కుమారుడు పుట్టి, పసితనముననే గతించెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్య శేషగిరి ఎదురుచూచుచునే యుండెను. ఒక పరిశోధన ముగిసిన మరొకటి, అది ముగిసిన ఇంకొకటి. ప్రయాణము వాయిదాపడినకొలది తిరుగుదారి పొడవగుచు వచ్చెను. పనిచేతనే పరాయి యూరు ఆయనకు తనదయ్యెను. ఆ పనియే స్వస్థలమును దూరము చేసెను. ఆయన కనుగొన్న మందులవలన ఎందరు బ్రతికినను, ఎదురుచూచిన యిల్లాలి యేండ్లకు అవి వెల కట్టలేవు. మహనీయుల చరిత్రలు వ్రాయువారు ఈ పద్దును సాధారణముగా లెక్కలో చూపరు. చూపనిచో లెక్క సరిపడదు.

ఆ నగరమును ఆయనను పూర్తిగా తనవానిగా చేసికొనలేదు. హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో ఆయన బోస్టను విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనాలయమునకు పోయెను. అచటి పరిశోధక బృందము ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆయన సోదరులను బలిగొన్న వ్యాధికి చేయు చికిత్సలో ఈ ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. మద్రాసులో పుట్టిన ప్రశ్నకు జవాబు దొరకుటకు ఇరువది యేండ్లకు మించిన ప్రవాసము పట్టినది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును ఆ బృందమే 1947లో వెలికితెచ్చెను. గోదావరి డెల్టా పల్లెలలో ఆ వ్యాధిని ఎరుగనివారు లేరు. డీ.ఇ.సి. మాత్రలను పేరున ఆరోగ్యకార్యకర్తలు మన దేశమున ఇంటింట పంచిన మందు అదియే. మనిషి తిరిగి రాలేదు గాని, ఆయన చేసిన మందు ఊరు చేరినది.

బోస్టను నగరమునకును ఆ బాకీ ముట్టినది. అచటి పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన శిశువులకు అమినాప్టెరిన్ అను మందునిచ్చి చూచెను. ఆ మందు పంపినది సుబ్బారావు పరిశోధనాలయము. పదునారుగురు పిల్లలలో పదిమందికి మేలు కనబడినట్లు 1948 జూనులో ఫార్బరు ప్రకటించెను. ఆ మేలు కొంతకాలమే నిలిచినది. కాని అంతవరకు ఆశయే లేని వ్యాధికి మందు కలదని లోకము తెలిసికొనెను. ఆ పిల్లల ఆసుపత్రి వైద్య కళాశాల పాలరాతి సౌధముల ప్రక్కనే యున్నది. రెండు నెలలు దాటిన కొలది దినములకే, 1948 ఆగస్టులో, యేబదిమూడేండ్ల వయసున సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. భారతీయులకు పౌరసత్వము నొసగు చట్టము 1946లోనే వచ్చినను ఆయన దానిని స్వీకరింపలేదు. స్వదేశము స్వతంత్రమై ఒక్క యేడాది కావచ్చినది. ఆ స్వతంత్రదేశమును ఆయన చూడలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన పేర తపాలా బిళ్ళ వెలువరించినది.

నేడు తెలుగు విద్యార్థులు బోస్టనునకు విమానమున ఒక్క దినములో చేరుదురు. చేరిన గంటకే తల్లి ముఖము చరవాణిలో కనబడును. గోంగూర పచ్చడి అంగడిలో దొరకును. అయినను మొదటి శీతకాలమున గది తలుపు మూసికొని కూర్చున్నవాని గుండెలోని వెలితి సుబ్బారావు నాటిదే. పని దొరకిన యూరు కుదురును. కుదిరిన యూరు విడువనీయదు. వెళ్ళువాడు మూడేండ్లని చెప్పునప్పుడు అబద్ధమాడడు. వినువారును ఆ మాట నమ్మియే వీడ్కోలు చెప్పుదురు. కాశీయాత్రకు బయలుదేరినవానికి బెల్లపుముక్క చేతబెట్టు ఆచారమును పరిహాసముగా చూచువారు, ఆ తీపి వెనుకనున్న భయమును ఒక్కసారి తలచుకొనుట మంచిది.