బ్యాటరీ గడ్డి కోత మిషన్: కోత అయ్యాక చేయాల్సిన పావుగంట పని

ఈ వారం వీడియోలో బ్యాటరీ గడ్డి కోత మిషన్ని తిరగేసి శుభ్రం చేయడం, బ్లేడు విప్పి సానపెట్టి మళ్ళీ బిగించడం చూపించాను. ఏ పని ఎందుకు చేస్తున్నామో వీడియోలో పూర్తిగా చెప్పడానికి టైం చాల్లేదు. అది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది రెడ్డిగూడెం. మామిడిలో ప్రకృతి వ్యవసాయం చేస్తూ, చుట్టుపక్కల తోటలకి గడ్డి కోసిపెట్టే చిన్న సర్వీసు కూడా నడుపుతున్నాను. చెట్ల సాళ్ళ మధ్య తోసుకెళ్ళే చక్రాల మిషన్ ఒకటి, భుజాన వేసుకునే బ్రష్ కట్టర్ ఒకటి ఉన్నాయి. రెండూ బ్యాటరీవే.

గడ్డి మిషన్ గురించి ఇంత పట్టింపు ఎందుకు?

మన పద్ధతిలో గడ్డి శత్రువు కాదు, ఆచ్ఛాదన. కోసిన గడ్డి చెట్టు పాదులో పరిస్తే తేమ ఆగుద్ది, వానపాములు పైకొస్తాయి. కానీ జూన్ వానలు పడ్డాక జులై, ఆగస్టుల్లో గరిక, తుంగ, వయ్యారిభామ పోటీపడి లేస్తాయి. అదే టైంలో వరి నాట్లు. కూలీలు దొరకరు. అప్పుడు మిషన్ రెండు వారాలు మూలపడితే చాలు, ఎంత పట్టుదల ఉన్న రైతుకైనా కలుపు మందు డబ్బా గుర్తొస్తుంది.

పోయిన వానాకాలం ఒక రైతు మిషన్ తీసుకొచ్చాడు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి మూడో ఏడు. ఐదు నిమిషాలు తిరగడం, ఆగిపోవడం. "మోటారు పోయింది తమ్ముడూ, ఈసారికి మందు కొట్టేస్తా" అన్నాడు. డబ్బా కూడా కొనేశాడు. తిరగేసి చూస్తే బ్లేడు చుట్టూ గడ్డి రెండు వేళ్ళ మందాన గట్టిపడి ఉంది. బ్యాటరీ కూర్చునే చోట రాగి బిళ్ళలు పచ్చబడి ఉన్నాయి. మోటారుకి ఏమీ కాలేదు. గంట పని చేస్తే మిషన్ తిరిగింది. డబ్బా షాపుకి వాపసు వెళ్ళింది. మూడేళ్ళు జీవామృతం పోసి బతికించుకున్న నేల అండి అది.

1. ముందు బ్యాటరీ తీయండి

స్విచ్ ఆపితే సరిపోదు. బ్యాటరీ బయటికి తీశాకే బ్లేడు దగ్గర చెయ్యి పెట్టండి. పెట్రోలు మిషన్ లాగా దీనికి తాడు లాగక్కర్లేదు, పొరపాటున మీట నొక్కుకుంటే చాలు తిరుగుద్ది. సేఫ్టీ తాళం ఉన్న మోడల్ అయితే అదీ తీసి జేబులో వేసుకోండి. చేతికి మందపాటి గ్లౌజులు తప్పనిసరి.

2. అడుగు భాగం గీకండి

ఇందులో పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ లేవు కాబట్టి ఏ పక్కకి వాల్చినా కారేదేమీ ఉండదు. కోసిన వెంటనే అయితే పచ్చి గడ్డి చెక్కముక్కతో తేలిగ్గా ఊడొస్తుంది. తెల్లారేదాకా వదిలేస్తే గడ్డి రసం, ఎర్రమట్టి కలిసి సిమెంటు లాగా పట్టేస్తాయి. మన తోటల్లో రాలిన కాయలు నలిగి సొన కూడా అంటుకుంటుంది. అలా మందం పెరిగితే గాలి ఆడదు, కోసిన గడ్డి బయటికి పోదు, మోటారు మీద బరువు పడి చార్జి తొందరగా అయిపోద్ది. ఇనుప గరిట వద్దు, ప్లాస్టిక్ అడుగు చీరుకుపోద్ది. చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ ముక్క చాలు.

మంచు ఆరాక, ఉదయం తొమ్మిది దాటాక కోస్తే అసలు అంటుకునేదే సగానికి తగ్గుద్ది.

3. పైపు పెట్టి నీళ్ళు కొట్టొద్దు

ట్రాక్టరు కడిగినట్టు కడగొద్దు. మోటారు గాలి కంతల్లోంచి నీళ్ళు పోతే లోపలి సర్క్యూట్ బోర్డు పోద్ది. గాలి కంతల్ని పాత పెయింట్ బ్రష్‌తో దులపండి, పైన బాగా పిండిన తడి గుడ్డతో తుడవండి. బ్యాటరీ బిళ్ళల్ని మాత్రం పొడి గుడ్డతోనే.

4. బ్లేడు

మన ఎర్రనేలల్లో గులకరాళ్ళు, కోతలయ్యాక తోటంతా మామిడి టెంకలు, ఎండు పుల్లలు. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కొయ్యదు, పీకుద్ది. బ్యాటరీ కూడా ఎక్కువ తాగుద్ది. కోతకి ముందు ఒకసారి నడిచి టెంకలు ఏరేయండి, డ్రిప్ పైపులు పక్కకి జరపండి. రెండు మూడు అంగుళాల ఎత్తులో కోస్తే రాళ్ళు తక్కువ తగులుతాయి, నేల కూడా బోసిపోదు.

సానకి ఆకురాయి చాలు. కంపెనీ ఇచ్చిన వాలుకే, రెండు వైపులా సమానంగా రుద్దండి. తర్వాత బ్లేడు నడిమి కంతని గోడ మేకుకి తగిలించండి. ఒక వైపు కిందికి వాలితే అటు బరువెక్కువ అని. ఆ వైపు ఇంకాస్త రుద్దండి. బరువు తేడా ఉంటే మిషన్ అదిరి బేరింగు పోద్ది. చాలా బ్రష్ కట్టర్లకి బ్లేడు నట్టు ఎడమ మర. అంటే మామూలు నట్టుకి ఎదురు దిక్కున విప్పాలి. తెలియక బలం పెడితే మర పోద్ది. బ్లేడు పగులు కనబడితే సాన వద్దు, మార్చేయండి.

తుప్పు పట్టకుండా నేను ఆముదం పలచగా రాస్తాను. ఆ గడ్డి మళ్ళీ నేలలోకే పోవాలి కదా, పాత ఇంజిన్ ఆయిల్ ఎందుకు?

5. బ్యాటరీ, మన ఎండ

36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పట్టేది 144 వాట్ అవర్లు. యూనిట్‌లో ఏడో వంతు. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు, అసలు ఖర్చు బ్యాటరీదే. దానికి పెద్ద శత్రువు వేడి.

లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల అంత వేడి మామూలే. కోత అవగానే వేడి మీద చార్జింగ్ పెట్టొద్దు. అరగంట నీడలో చల్లారనిచ్చి, ఇంట్లో పెట్టండి. రాత్రి గానీ తెల్లవారుజామున గానీ ఇంకా మంచిది.

ఉబ్బిన, కింద పడి పగిలిన బ్యాటరీని వాడొద్దు, విప్పొద్దు, చెత్తలో వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే ఏర్పాటు తయారీదారు చేయాలి. కొన్న షాపులో అడగండి.

6. జీవామృతం డ్రమ్ముకి దూరం

ఇది మన రైతులకే ప్రత్యేకం. జీవామృతం, గోమూత్రం నిల్వ చేసే చోట అమ్మోనియా వస్తుంది. అది రాగిని, ఇత్తడిని తినేస్తుంది. పైన చెప్పిన రైతు మిషన్ పెట్టింది సరిగ్గా డ్రమ్ము పక్కనే. పశువుల కొట్టంలో కూడా పెట్టొద్దు.

7. పని లేని నెలల్లో

పూత టైం నుంచి ఎండాకాలం దాకా మిషన్‌కి పెద్దగా పని ఉండదు. అప్పుడు లిథియం బ్యాటరీని ఫుల్ చార్జితో వదిలేయొద్దు. నాలుగు లైట్లలో రెండు వెలిగేలా ఉంచి, విడిగా తీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టండి. 40 డిగ్రీల వేడిలో ఏడాది ఫుల్ చార్జితో ఉంచితే సుమారు మూడో వంతు సామర్థ్యం పోద్ది. సగం లోపు చార్జితో ఉంచితే పోయేది 15 శాతం దగ్గర. రెండు మూడు నెలలకోసారి చూసి, తగ్గితే మళ్ళీ రెండు లైట్లకి తేండి.

జాగ్రత్త, వీపున వేసుకునే స్ప్రేయర్లలో ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇది పూర్తిగా ఉల్టా. దాన్ని ఫుల్ చార్జి చేసి పెట్టాలి, నెలకోసారి మళ్ళీ చార్జి చేయాలి. ఖాళీగా వదిలేస్తే చచ్చిపోద్ది. రెండూ ఉన్నవాళ్ళు మీద రాసిపెట్టుకోండి.

గోడకి అంటించుకోండి

- కోసిన ప్రతిసారీ: బ్యాటరీ తీయడం, అడుగు గీకడం, గాలి కంతలు దులపడం
- వారానికోసారి: బ్లేడు, నట్టు, బ్యాటరీ బిళ్ళలు చూడడం
- సీజన్ చివర: సాన, ఆముదం, సగం చార్జి, వైర్లు ఎలుకలు కొట్టకుండా పైన తగిలించడం

బ్లేడు బరువు చూసే పని చదివితే కష్టంగా అనిపిస్తుంది, వీడియోలో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒకసారి చూసి, తొలకరి పడేలోపు మీ మిషన్ తిరగేసి చూడండి. వచ్చే వీడియోలో కోసిన గడ్డిని పాదులో ఎంత మందాన, మొదలుకి ఎంత దూరంలో పరవాలో చూపిస్తాను.