ఓటు వేరు, తాళంచెవి వేరు

అమ్మడూ, నువ్వడిగింది చిన్న ప్రశ్న కాదు. జీతం లేకుండా తలో చెయ్యీ వేసి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకి సభ్యత్వం ఎందుకు, దానికో రాజ్యాంగం ఎందుకు అన్నావు. మన రాజపాళయం నుంచే మొదలుపెడతాను.

1936లో పి.ఎ.సి. రామసామి రాజుగారు రాజపాళయం మిల్స్ పెట్టారు కదా. అలాంటి కంపెనీలో షేర్లు ఎన్నో ఓట్లు అన్ని. వంద షేర్లున్నవాడి మాట, ఒక షేరున్నవాడి మాట ఒకటి కావు. సహకార సంఘంలో అలా కాదు, వాటా ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్లో 1844లో 28 మంది కలిసి సరుకుల కొట్టు పెట్టుకుని ఆ పద్ధతికి పేరు తెచ్చారు. వాళ్లలో నేతపనివాళ్లు చాలామందే ఉన్నారు, మన ఊరివాళ్లకి నచ్చే సంగతి! సరే, కంపెనీలోనైనా సంఘంలోనైనా డబ్బు కట్టినవాడే సభ్యుడు. డబ్బే కట్టనిచోట సభ్యుడెవరు?

డెబియన్ అని ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. 1993లో ఇయన్ మర్డాక్ అనే అమెరికా కుర్రాడు చదువుకుంటూనే మొదలుపెట్టాడు. ప్రోగ్రాము మూలం అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, దిద్దింది పంపొచ్చు. మొదట్లో చేరడం సులువే, పని చేస్తానంటే చేర్చుకునేవారు. జనం పెరిగారు. 1997లో తమ కట్టుబాట్లు రాసుకున్నారు, 1998 డిసెంబరులో రాజ్యాంగమే రాసుకున్నారు. అప్పటికీ సర్దుకోలేదు. 1999లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేసి, మరుసటి సంవత్సరంలో కొత్త పద్ధతితో మళ్లీ తలుపు తీశారు.

ఆ పద్ధతి మన పెళ్లి సంబంధాల విచారణకి ఏమీ తీసిపోదు. నీ పని తెలిసిన పాత సభ్యుడొకడు నీ తరఫున మాట చెప్పాలి. నువ్వు నువ్వేనని రుజువు కావాలి. లైసెన్సుల సంగతి, కట్టుబాట్ల సంగతి, ప్యాకేజీలు (వాడుకోవడానికి సిద్ధం చేసిన ప్రోగ్రాముల మూటలు) కట్టే తీరు గురించి ప్రశ్నలడుగుతారు. నువ్వు చేసిన పని చూస్తారు. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు.

రుజువు దగ్గర మనలాంటి ఊళ్లవాళ్లకి చిక్కు. ప్రతివాడికీ కంప్యూటర్లో ఒక డిజిటల్ తాళంచెవి ఉంటుంది. ఇది ఫలానా మనిషిదే అని సభ్యులు దాని మీద సంతకం పెట్టాలి. అందుకు ముఖాముఖి కలవడం, గుర్తింపు కార్డు చూపించడం ఆనవాయితీ. రాజపాళయంలో ఉన్నవాడు సభ్యుణ్ణి ఎక్కడ వెతుక్కుంటాడు? 2023 సెప్టెంబరులో డెబియన్ వాళ్ల ప్రపంచ సభ కొచ్చిలో జరిగింది. సెంగోట్టై మీదుగా కొండ దాటితే కేరళే కాబట్టి మనకి ఆ ఒక్కసారి దగ్గరయింది. ఏటా ఒక దేశంలో జరిగే సభ అది.

ఇంత పట్టుదల ఎందుకంటావా? ఆ తాళంచెవి ఉన్నవాడు పంపిన ప్రోగ్రాము ప్రపంచమంతా లక్షల యంత్రాల్లోకి చేరుతుంది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని కుదించే చిన్న సాధనం ఉంది, డెబియన్ వాళ్లు రాసింది కాకపోయినా డెబియన్‌లోకీ వస్తుంది. దాన్ని చూసుకునేవాడు ఒక్కడే, అలసిపోయాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి పని చేసి, నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. ఎలాగో తెలుసా? తన యంత్రంలోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానపడ్డాడు! అప్పటికి ఆ దొంగ ప్రోగ్రాము డెబియన్ పరీక్షా రూపాల్లోకి వచ్చేసింది, అందరూ వాడే స్థిరమైన రూపంలోకి మాత్రం చేరలేదు. కార్డు చూస్తే అంతా సరిపోతుందని నేననను. రెండేళ్లు మంచివాడిగా నటించేవాడికి కార్డు ఒక అడ్డా?

ఇప్పుడు అసలు సంగతి. తాళంచెవి అప్పగించాలంటే భయపడాలి, న్యాయమే. కానీ ఓటుకి ఆ భయం ఎందుకు? ఏళ్ల తరబడి తమిళంలోకి, తెలుగులోకి అనువదించేవాళ్లు, సహాయపత్రాలు రాసేవాళ్లు, సభలు నడిపేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ప్యాకేజీలు కట్టడం రాదు, రానక్కర్లేదు. అయినా చాలాకాలం ఆ దారిన వచ్చినవాళ్లే సభ్యులు. 2010లో డెబియన్ వాళ్లే ఓటు వేసుకుని, ప్యాకేజీలు పంపే హక్కు లేకపోయినా పూర్తి సభ్యులు కావొచ్చని తేల్చారు. అంతకు మూడేళ్ల ముందు తిరగేసి ఇంకో తరగతి పెట్టారు. ఆ తరగతివాడికి తన ఒకటి రెండు ప్యాకేజీలకి మాత్రం తాళంచెవి, ఓటు లేదు. ఓటునీ తాళంచెవినీ విడదీయడానికి డెబియన్ మొదలైననాటి నుంచి పదిహేడేళ్లు పట్టిందంటే, నాకు ఆలస్యమే అనిపిస్తుంది.

నీకు లెక్కలిష్టం కదా, ఇది విను. తీర్మానం నిలవాలంటే, ‘ఇవేవీ వద్దు’ కన్నా ఇదే నయం అని కనీసం ఇంతమంది అనాలని రాజ్యాంగంలో ఉంది. ఎంతమంది? సభ్యుల సంఖ్యకి వర్గమూలం తీసి, సగం చేసి, మూడింతలు చెయ్యి. నూరుమంది ఉంటే పది, ఐదు, పదిహేను. వెయ్యిమంది ఉంటే సుమారు నలభై ఏడు. సభ్యులు పదింతలైతే కావలసినవాళ్లు మూడింతలే పెరిగారు. సభ్యుల్లో మూడోవంతు రావాలని రాసుకుంటే, జీతం లేనివాళ్ల సంఘంలో తీర్మానాలు గట్టెక్కడం కష్టమే. జనం పెరిగేకొద్దీ కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లూ పెరుగుతారు, ఎక్కడైనా అంతే.

ఆ కూర్చునేవాళ్లని ఏంచేయాలన్నది ఇంకో తంటా. గ్నోమ్ ఫౌండేషన్‌లో సభ్యత్వం రెండేళ్లకే, మళ్లీ అడిగి పొడిగించుకోవాలి. డెబియన్‌లో గడువు లేదు. పనికి దూరమైనవాడు గౌరవంగా తప్పుకోవచ్చు, తిరిగి రావాలనుకుంటే మొదటి విచారణ అంతా మళ్లీ చేయరు. ఎవరి జాడైనా తెలియకపోతే వెతకడానికి కొందరు వాలంటీర్లున్నారు. వాళ్లు ముందు ఒక ఉత్తరం రాస్తారు: ఎలా ఉన్నారు, ఇంకా ఈ పని చూసుకుంటున్నారా అని.