వంటయింటినుండి వినువారి లెక్క

రాత్రి ఏడున్నర గంటలకు మన యిండ్లలో టెలివిజన్ ముందు కూర్చుండువా రెవరు? మామగారు పడకకుర్చీలో నుందురు. పిల్లలు చాపపై పుస్తకములు పఱచుకొని, ఒక కన్ను పాఠముమీదను, రెండవది బొమ్మమీదను ఉంచెదరు. కథ ఎవరికొఱకు వ్రాయబడినదో ఆ యిల్లాలు మాత్రము వంటయింటిలో పోపు వేయుచుండును. ఆమెకు బొమ్మ కనబడదు. అయినను కథలోని అత్తగారి గొంతు హెచ్చగానే గరిటె చేతబట్టుకొని గడపవఱకు వచ్చి, రెండు నిమిషములు నిలిచి, మాడువాసన రాగానే లోనికి పరుగెత్తును. సోదరీమణులారా, ఇట్లు చూచినదానిని చూచినట్లు లెక్కింతురా, లేదా యని మాకు సందేహము కలిగినది.

నేడు మన దేశమున ఈ లెక్క కట్టునది బార్క్ అను సంస్థ. అది 2010లో ఏర్పడి, 2015 నుండి అంకెలను వెలువరించుచున్నది. ఎంచుకొన్న యిండ్లలో టెలివిజన్ ప్రక్కన ఒక చిన్న మీటరు నమర్తురు. ఛానెళ్లవారు తమ ధ్వనిలో మన చెవికి వినబడని గుర్తు నొకదానిని కలిపి పంపుదురు. మీటరు దానిని పట్టుకొని, ఏ ఛానెలు నడచుచున్నదో గ్రహించును. అయితే గదిలో నెవరున్నారో యంత్రమునకు తెలియదు. అందులకై ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క బొత్తాము నేర్పఱచిరి. చూడ కూర్చుండునపుడు దానిని నొక్కవలెను. లేచిపోవునపుడు మరల నొక్కవలెను. చేతులకు పిండి యంటుకొన్న యిల్లాలు గడపకు వచ్చిన ప్రతిసారియు బొత్తామును వెదకి నొక్కునని మేము నమ్మజాలము. కొడుకో, కోడలో ఆమె తరపున నొక్కిన నొక్కవచ్చును, మఱచిన మఱవవచ్చును.

పిదప కూడిక. సగటున నిమిషమున కెందఱు చూపరులున్నారను లెక్కయే దీనికి మూలము. అరగంట కథను ఒకామె ఆసాంతము చూచినను, ముగ్గురు తలకు పది నిమిషముల చొప్పున చూచి లేచిపోయినను ఫలిత మొక్కటే. చూచినయామె కంట నీరు పెట్టుకొన్నదా, కునికిపాట్లు పడినదా యన్నది అంకెలో నుండదు. 2020 నాటి అంచనా ప్రకారము దేశమున టెలివిజనున్న యిండ్లు 21 కోట్లు. మీటర్లున్న యిండ్లు ఇటీవలి సంవత్సరములలో 55,000కు చేరినవి. అనగా ఇంచుమించు నాలుగువేల యిండ్ల అభిరుచికి ఒక యిల్లు సాక్షి. అన్నమంతయు పట్టి చూడనక్కఱలేదు, ఒక్క మెతుకు చాలునందురు. నిజమే; కాని అడుగు మెతుకును, పై మెతుకును ఒక్క తీరున నుడుకవని మనకు చెప్పవలెనా? పూర్వము లెక్క కట్టినవారి మీటర్లు పట్టణములలోనే యుండెను. 2015 అక్టోబరులో గాని పల్లెల లెక్క చేరలేదు. అంతవఱకు పల్లెటూరి యువతి ఏ కథను మెచ్చినను, ఏ కథను రోసినను ఆ మీటర్ల అంకెలలో దాని జాడ లేదు.

సాక్షులు కొలదిమంది గనుకనే వారి యిండ్లను రహస్యముగా నుంచుదురు. కొన్ని యిండ్లవారికి ధనమిచ్చి కోరిన ఛానెళ్లనే పెట్టియుంచునట్లు చేసిరని 2020 అక్టోబరులో ముంబై పోలీసులు ఆరోపించిరి. వార్తా ఛానెళ్ల రేటింగులు అప్పుడు నిలిచిపోయి, 2022 మార్చిలో గాని మరల మొదలుకాలేదు. 2024లో న్యాయస్థానము అనుమతింపగా ఆ కేసును వెనుకకు తీసికొనిరి. కావున నేర మెవరిదో మేము చెప్పబోము. ఇంత గొడవ యెందులకన్నచో, ప్రకటనల ధర యంతయు ఆ అంకెమీదనే ఆధారపడియున్నది. గురువారమున అంకెలు వెలువడును. అంకె తగ్గెనా, చనిపోయినవాడు బ్రదికి వచ్చును. బుద్ధిమంతురాలైన కోడలికి మతిపోవును! కథ దారి తప్పినదని మనము రచయితను తిట్టుదుము గాని, పాపము, ఆతని కలమును పట్టి నడపునది ఆ అంకెయే.

ఇట్టి కథలకు పుట్టినిల్లు అమెరికా. 1930 ప్రాంతముల అచ్చటి సబ్బుల కంపెనీలు గృహిణులకై పగటివేళ రేడియో కథలను నడిపినవి. 'సోప్ ఆపెరా' యను పేరు అందుచేతనే వచ్చినది. హెర్తా హెర్జోగ్ అను పరిశోధకురాలు 1940 ప్రాంతమున, ఎందఱు వినుచున్నారని లెక్కించుటతో తృప్తిపడక, న్యూయార్కు ప్రాంతపు స్త్రీలను కలిసికొని, ఎందుకు వినుచున్నారని యడిగెను. మనసార ఏడ్చుటకని కొందఱు, తమకు లేని సుఖమును ఊహించుకొనుటకని కొందఱు, తమ యింటి చిక్కులలో ఎట్లు మెలగవలెనో తెలిసికొనుటకని మఱికొందఱు చెప్పిరి. సీరియళ్ల పిచ్చియని మనలను నవ్వువారు ఈ మూడవ జవాబును ఒకసారి ఆలోచింపవలెను. చెప్పుకొనుటకు పుట్టినిల్లు దూరమై, ఇరుగుపొరుగులతో మాట తక్కువైన యామెకు సలహా యెచ్చట దొరకును?

ఆమె ప్రశ్ననే మేము మా యెఱిగిన యిల్లాండ్ర నడిగితిమి. పలువురు పలు విధముల చెప్పిరి. అందొకామె జవాబు మాత్రము ఏ పరిశోధనలోను మేము చదువలేదు. ఆమె సీరియళ్లకు దాసురాలని ఇంటిల్లిపాదియు ఎగతాళి చేయుదురు. రాత్రి ఏడున్నర కాగానే టెలివిజన్ పెట్టునదియు ఆమెయే.

"పెట్టేది నేనేనండీ, కాదనను. పెట్టానంటే మా వాళ్లందరూ దాని ముందు చేరతారు. ఆ అరగంటా మంచినీళ్లని గాని, తువ్వాలని గాని నన్నెవరూ పిలవరు. పెరటి మెట్లమీద కూర్చుని నాలుగు ముద్దలు వేడివేడిగా తింటాను," అని చెప్పెను.

ఇప్పుడు కథ యెంతవఱకు వచ్చినదని మేమడుగగా నవ్వి, "పిల్లల నడిగి రేపు చెబుతాను," అనెను.