ఐదు న్యూటన్ మీటర్లంటే ఎంత బిగువు?

శాంటా క్లారాలో శాన్ టోమస్ అక్వినో వాగు వెంట ఒక సైకిల్ బాట ఉంది. లీవైస్ స్టేడియాన్ని ఒరుసుకుంటూ ఉత్తరానికి సాగి బే ట్రెయిల్‌లో కలుస్తుంది. ఆఫీసులు వదిలే వేళ దాని మీద కార్బన్ సైకిళ్లు బారులు తీరుతాయి. తొక్కేవాళ్లలో మనవాళ్లూ బోలెడుమంది. ఆ బాట మీదే నా సీటు కొద్దికొద్దిగా కిందికి జారడం మొదలైంది. దిగి అలెన్ కీతో బిగించాను. మళ్లీ జారింది. ఇంకాస్త బిగించాను. మూడోసారి టప్‌మని చిన్న చప్పుడైంది. ఇంటికొచ్చి చూస్తే సీటుపోస్టు మీద వెంట్రుకంత చీలిక. క్లాంపు మీద చిన్న అక్షరాల్లో 5 ఎన్‌ఎం, అంటే ఐదు న్యూటన్ మీటర్లని రాసే ఉంది. నేను చదవలేదు.

మన ఊళ్ల సైకిల్ షాపుల్లో బిగువును కొలిచే టార్క్ రెంచ్ ఎవరూ వాడగా చూడలేదు. చేతి లెక్కతోనే బిగించేవారు, ఆ సైకిళ్లు ముప్ఫై ఏళ్లు నడిచేవి. ఆ చేతుల మీద నాకు ఎనలేని గౌరవం. అయితే అవి పనిచేసింది ఉక్కు మీద. ఉక్కు విరిగే ముందు సాగుతుంది, వంగుతుంది. పానా పట్టుకున్న చేతికి ఆ మెత్తదనం తెలుస్తుంది. కార్బన్ పోగులు నిలువునా లాగితే గొప్పగా తట్టుకుంటాయి కానీ, పలచని గొట్టాన్ని చుట్టూ నొక్కితే తట్టుకోలేవు. ముందుగా ఏ సూచనా ఇవ్వకుండానే చీలిపోతాయి.

పాఠ్యపుస్తకాల్లో బలభ్రామకం అని చదువుకున్నదే టార్క్. వేసే బలాన్ని, ఇరుసు నుంచి అది పడే చోటి దూరంతో గుణిస్తే వస్తుంది. 20 సెంటీమీటర్ల పిడి చివర రెండున్నర కిలోల బరువు వేలాడితే దాదాపు 5 న్యూటన్ మీటర్లు. చిటికెన వేలితో లాగినంత పని. ఆ కాస్త తిప్పుడుకే 5 మిల్లీమీటర్ల బోల్టు సుమారు 5,000 న్యూటన్ల బలంతో బిగుసుకుంటుంది. అంటే అరటన్ను బరువు!

మనకు కావలసింది ఆ పట్టు. రెంచ్ కొలిచేది మాత్రం మన తిప్పుడును. ఈ తేడాలోనే అసలు విషయమంతా ఉంది. తిప్పడానికి పెట్టిన రూపాయిలో దాదాపు అర్ధరూపాయి బోల్టు తల కింద రాపిడికి పోతుంది, నలభై పైసలు మరల రాపిడికి పోతాయి. పట్టుగా మిగిలేది పది పైసలే. అందుకే మరలకు గ్రీజు పూస్తే లెక్క తారుమారవుతుంది. రాపిడి కాస్త తగ్గినా, అదే 5 దగ్గర పట్టు 6,600 న్యూటన్లకు చేరవచ్చు. తుప్పు పట్టిన బోల్టైతే రెంచ్ 5 చూపిస్తున్నా పట్టు చాలదు. తయారీదారు గ్రీజు రాయమన్నాడా, పొడిగా ఉంచమన్నాడా అన్నది చూడకుండా అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు.

రెంచ్‌లలో పాతకాలపు సూది రకం నాకు ఇష్టం. బలానికి తగ్గట్టు ఒక కడ్డీ వంగుతుంది, పక్కనున్న సూది తిన్నగానే ఉండి అంకె చూపిస్తుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. కాకపోతే కన్ను సరిగ్గా దాని పైన ఉండాలి, సీటు కింద మూలల్లో అది కుదరదు. క్లిక్ రకంలో లోపలి స్ప్రింగును ముందే ఒక అంకెకు పెడతాం. అక్కడికి చేరగానే లోపలి దిమ్మ పక్కకు తప్పుకుని టక్‌మంటుంది. వెంటనే ఆపాలి, ఎందుకైనా మంచిదని మరోసారి లాగకూడదు. మూడో రకం ఒకే అంకెకు కట్టేసిన తాళంచెవి లాంటిది. బే ఏరియాలో పెరిగి, మౌంటెన్ బైకుల తొలి తయారీదారుల్లో ఒకరైన టామ్ రిచీ కంపెనీ 5కి బిగించిన ఇలాంటిదే అమ్మింది.

కొనేవాళ్లు చాలామంది పెద్ద రెంచ్‌తో మొదలుపెడతారు. నా మాట వింటే చిన్నదే ముందు కొనండి. క్యాసెట్ రింగు 40, పెడళ్లు 35 నుంచి 55 అడుగుతాయి నిజమే, కానీ అవి గట్టి లోహాలు, కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. చీలేవీ మరలు పోయేవీ హ్యాండిల్ దగ్గర, సీటు దగ్గర ఉండే 4 నుంచి 8 లోపు బోల్టులే. 60 దాకా కొలిచే రెంచ్‌ను 12 కంటే కింద నమ్మలేం. ఐఎస్‌ఓ 6789 ప్రమాణం కూడా క్లిక్ రెంచ్‌లను వాటి పై హద్దులో ఐదో వంతు నుంచే పరీక్షించమంటుంది. పైగా ఆ భారీ పిడిలో 5 దగ్గరి టక్కు వినపడనంత సన్నగా ఉంటుంది. 2 నుంచి 14 వరకు కొలిచేది ఇంట్లో ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది.

ఇక్కడి షాపుల్లో అంగుళం పౌండ్ల రెంచ్‌లూ ఉంటాయి, 5 న్యూటన్ మీటర్లంటే వాటి మీద 44. పెద్ద రెంచ్ కొనేటప్పుడు ఎడమవైపుకూ కొలుస్తుందా అని అడగండి, ఎడమ పెడలు మరలు తిరగేసి ఉంటాయి.

రెంచ్ నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చదరపు మొనను వైస్‌లో బిగించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచండి. పెరుగు తోడుపెట్టగా ఖాళీ అయిన గ్యాలన్ పాల క్యాన్‌లో రెండున్నర లీటర్ల నీళ్లు పోసి, మొన నుంచి 20 సెంటీమీటర్ల దూరాన, చెయ్యి పట్టే చోట వేలాడదీయండి. రెంచ్ బరువులో సగం మేర నీళ్లు తీసేయాలి, దాని సొంత బరువూ కిందికి లాగుతుంది కదా. 5 దగ్గర టక్‌మనాలి. పెద్ద రెంచ్‌కైతే 20 పౌండ్ల సోనా మసూరి సంచి ఉండనే ఉంది. 34 సెంటీమీటర్ల దగ్గర వేలాడితే 30 న్యూటన్ మీటర్లు. పని అయ్యాక స్ప్రింగును అడుగు అంకెకు తెచ్చి పెట్టెలో పెట్టాలి.

కొత్త సీటుపోస్టు వేసేటప్పుడు కార్బన్ కోసం అమ్మే గరుకు పేస్టు పూశాను. అందులోని సన్నటి పలుకులు రాపిడిని పెంచి, తక్కువ బిగువుకే పోస్టును జారనివ్వవు. నా సీటుకు మొదటినుంచీ కావలసింది అదే, నేనేమో బిగువు పెంచుతూ పోయాను. 5 దగ్గర టక్‌మనగానే ఆపి, క్లాంపు అంచున పోస్టుకు తెల్ల టేపు చుట్టాను. మర్నాడు బే ట్రెయిల్ దాకా వెళ్లి దిగి చూస్తే, టేపు పెట్టిన చోటే ఉంది.