ఆకాశంలో దారి చూపేవారి బడి

కొడుకునో కూతురునో గల్ఫ్ దేశాలకు పంపి, క్షేమంగా చేరామన్న ఫోను కొరకు ఎదురుచూచే తల్లిదండ్రులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. విమానం నడిపే పైలటు సంగతి మనమెరుగుదుము. నేలమీద కూర్చుండి అతనికి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరును గూర్చి మాత్రం అంతగా తలంచము. వారికి శిక్షణ ఎట్లు ఇస్తారో ఈ నెల తెలిసికొందము.

ఆకాశంలో గట్లు లేవు, బాటలు లేవు. ఏ విమానం ఎంత ఎత్తున, ఏ దిక్కుగా వెళ్లవలెనో కంట్రోలరు రేడియోలో చెబుతాడు. ఆ ఎత్తు తప్పితే ఏమగునో 1996 నవంబరు 12న మన దేశం చూచింది. ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానము, ఢిల్లీలో దిగుటకు వస్తున్న కజకిస్తాన్ విమానము హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద ఢీకొన్నాయి. రెంటిలో ఉన్న 349 మందిలో ఒక్కరూ బ్రతుకలేదు. కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల వద్ద ఉండమని కంట్రోలరు చెప్పాడు. సౌదీ విమానానికి 14,000 అడుగులు ఇచ్చాడు. మొదటిది తన ఎత్తు నిలుపుకొనక దిగువకు వచ్చేసింది.

ఇటువంటి పనిని నిజమైన విమానాలతో మొదలుపెట్టి నేర్చుకొనుట కుదరదు గదా! అందుకే సిమ్యులేటర్ వచ్చింది. అనగా, అసలు దానివలెనే పనిచేసే నకలు యంత్రము.

విద్యార్థి రాడార్ తెర ముందు కూర్చుంటాడు. తెరపై కదిలే గుర్తులను కంప్యూటరే పుట్టిస్తుంది. వేరొక గదిలో కొందరు పైలట్ల స్థానంలో కూర్చుండి, విద్యార్థి చెప్పిన ఎత్తును తిరిగి పలికి, తమ యంత్రంలో నొక్కుతారు. గుర్తు అట్లే కదులుతుంది. మొదట రెండు మూడు విమానాలే. అలవాటైన కొలది సంఖ్య పెరుగుతుంది. తరువాత కష్టాలు మొదలు: ఒక విమానంలో రేడియో మూగబోతుంది, మరొకదానిలో ఇంజను ఆగుతుంది. ఒక్కొక్కసారి ఆ నకలు పైలటు కావాలనే అంకె తప్పు పలుకుతాడు. విద్యార్థి చెవి దానిని పట్టుకొనవలెను. పట్టుకొనకపోతే రెండు గుర్తులు దగ్గరవుతాయి. అప్పుడు ఉపాధ్యాయుడు ఆట ఆపి, జరిగినదంతా తిరిగి చూపిస్తాడు. ఎవరికీ ప్రాణహాని లేదు. మళ్లీ మొదటి నుండి చేయవచ్చును. సిమ్యులేటర్ విలువంతా ఇందులోనే ఉన్నది.

అలహాబాదులో, నేటి ప్రయాగ్‌రాజ్‌లో, 1948లో ఆరంభమైన కళాశాలలో ఈ శిక్షణ ఇస్తారు. మన హైదరాబాదు బేగంపేటలో కూడా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి శిక్షణ కేంద్రమున్నది. ఇక్కడ ఉత్తీర్ణులైనా వెంటనే ఒంటరిగా కూర్చుండనీయరు. విమానాశ్రయంలో అనుభవజ్ఞుడు ప్రక్కనే ఉండి, అవసరమైతే తానే మాట అందుకొంటాడు.

ఫిజిక్స్, లెక్కలతో బి.ఎస్‌సి. లేక ఇంజనీరింగ్ చదివిన యువతీయువకులు ఈ ఉద్యోగపు పరీక్ష వ్రాయవచ్చును. శ్రద్ధగా వినే చెవి, స్పష్టంగా పలికే ఇంగ్లీషు, తొందరలోనూ తొణకని మనస్సు కావలెను. పల్లె బడిలో చదివిన బిడ్డలైనా వీటిని ఇప్పటినుండే అలవరచుకొనవచ్చును.