చెత్త బండి రోజూ వస్తుంది.. బయట పెట్టాల్సింది మాత్రం మనమే! జావా ‘గార్బేజ్ కలెక్షన్’లో క్లాసులో చెప్పని సగం

హైదరాబాద్: ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా నేరుగా అమీర్‌పేటలో దిగొచ్చు. 2017 నవంబర్‌లో ఈ లైన్ మొదలైనప్పటి నుంచి ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కుర్రాళ్లకు సాఫ్ట్‌వేర్ కోచింగ్ దగ్గరైంది. చదివింది బీకామ్ అయినా బీఎస్సీ అయినా చాలామంది మొదట పట్టుకునేది జావానే. ఆ క్లాసుల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. జావాలో మెమొరీ గురించి మనం పట్టించుకోనక్కర్లేదు, గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది అని. ఇంటర్వ్యూలో అడిగితే అదే అప్పజెప్పేసి వస్తారు.

ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియని చోటే యాప్‌లు బిగుసుకుపోతాయి, నెల తిరిగేసరికి క్లౌడ్ బిల్లు బరువెక్కుతుంది.

ఐటీ అంటే మాదాపూర్, గచ్చిబౌలి మాత్రమే అనే రోజులు కొంత మారాయి. ఉప్పల్‌లో ఎన్‌ఎస్‌ఎల్ ఎరీనా ఉంది, జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ ఉంది. ఐటీని నగరం నలువైపులా పంచాలని రాష్ట్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన ‘గ్రిడ్’ పాలసీ ఉప్పల్, నాచారం లాంటి పాత పారిశ్రామిక వాడల మీద కూడా కన్నేసింది. పెద్ద కంపెనీలో మెమొరీ సమస్య వస్తే చూడటానికి వేరే టీమ్ ఉంటుంది. ఐదారుగురితో నడిచే చిన్న సంస్థలో కోడ్ రాసేదీ, సర్వర్ నడిపేదీ, అర్ధరాత్రి కస్టమర్ ఫోన్ ఎత్తేదీ ఒక్కరే. ఈ విషయం అసలు కావాల్సింది వాళ్లకే.

ఇంతకీ ఏమిటిది? ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ప్రతి ఆర్డర్, ప్రతి బిల్లు, ప్రతి కస్టమర్ పేరు ర్యామ్‌లో కొంత చోటు తీసుకుంటాయి. సీ లాంటి భాషల్లో ఆ చోటును తీసుకున్న ప్రోగ్రామరే పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. మరిచిపోతే చోటు వృథా. రెండుసార్లు ఇచ్చేస్తే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. ఈ తలనొప్పి లేకుండా వాడని చోటును మెషినే వెతికి ఖాళీ చేసుకునే పద్ధతిని జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం తయారు చేశారు, 1960లో పేపర్‌గా ప్రచురించారు. అంటే ఈ ఆలోచన వయసు 60 ఏళ్లు దాటింది. 1995లో జావా వచ్చి దీన్ని మామూలు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చింది. సీ షార్ప్, గో, పైథాన్ కూడా ఏదో ఒక రూపంలో ఇదే దారిలో ఉన్నాయి.

పేరుకు తగ్గట్టే ఇది మన గల్లీలోకి వచ్చే జీహెచ్ఎంసీ స్వచ్ఛ ఆటో లాంటిది. తడి చెత్త, పొడి చెత్త డబ్బాలు గుమ్మం బయట పెడితే బండి తీసుకుపోతుంది. అంతేగానీ ఇంట్లోకి వచ్చి, అటక ఎక్కి, ఈ పాత పేపర్లు మీకు అవసరమా కాదా అని అడగదు. జావా కలెక్టర్ కూడా అంతే. ఒక వస్తువును ప్రోగ్రామ్‌లో ఎవరైనా ఇంకా పట్టుకుని ఉన్నారా లేదా అన్నది ఒక్కటే చూస్తుంది. ఆ పట్టునే రిఫరెన్స్ అంటారు. ఇప్పుడు నడుస్తున్న ఫంక్షన్ల వేరియబుల్స్, స్టాటిక్ వేరియబుల్స్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో రిఫరెన్స్ వెంట నడుస్తూ పోతుంది. చేరుకోగలిగినవన్నీ పనికొచ్చేవి, చేరుకోలేనివి చెత్త. మనం మళ్లీ ఎప్పటికీ వాడని వస్తువైనా సరే, రిఫరెన్స్ వదలకపోతే అది దాని లెక్కలో చెత్త కాదు.

ఇఫ్తార్ ముందు ఆగిపోయే యాప్

రంజాన్‌లో హలీం ఆర్డర్లు తీసుకునే ఒక యాప్‌ను ఉదాహరణగా అనుకుందాం. ఇఫ్తార్‌కు అరగంట ముందు ఆర్డర్లు వరదలా వస్తాయి. ఒక్కో ఆర్డర్ కోసం పుట్టే చిన్న చిన్న వస్తువులు సెకను కూడా బతకవు. మెనూ, రేట్ల పట్టిక మాత్రం రోజంతా ఉంటాయి. చాలా ప్రోగ్రామ్‌లలో ఇదే తీరు. పుట్టినవాటిలో ఎక్కువ భాగం పుట్టిన కాసేపటికే పోతాయి. డేవిడ్ ఉంగర్ 1984లో ఈ లక్షణం ఆధారంగానే తరాలవారీ పద్ధతిని వివరించారు. జావాలో కొత్త వస్తువులు ‘ఈడెన్’ అనే భాగంలో పుడతాయి. అది నిండగానే కలెక్టర్ వచ్చి, ఇంకా వాడకంలో ఉన్నవాటిని పక్కకు తీసి, మిగతా చోటంతా ఒక్కసారిగా ఖాళీ చేస్తుంది. కొన్ని రౌండ్లు తట్టుకుని నిలిచినవి ‘ఓల్డ్’ భాగంలోకి పోతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈడెన్ ఊడ్చడానికి అయ్యే ఖర్చు చెత్త ఎంత ఉందన్నదాని మీద కాదు, అందులో బతికి ఉన్న సరుకు ఎంతన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి పుట్టి వెంటనే పోయే చిన్న వస్తువులకు భయపడి కోడ్‌ను వంకరటింకరగా రాయాల్సిన పని లేదు. అసలు బరువు, అవసరం లేకపోయినా ఓల్డ్ భాగంలోకి చేరి కూర్చునే సరుకే.

ఆ భాగం కూడా నిండిపోతే ఫుల్ జీసీ వస్తుంది. ప్రోగ్రామ్ మొత్తం ఆగుతుంది. దీన్నే ‘స్టాప్ ది వరల్డ్’ అంటారు. హీప్ పెద్దదైతే, అంటే జావా వాడుకునే మెమొరీ ఎక్కువైతే, ఈ ఆగడం సెకన్లలోకి పోవచ్చు. యూపీఐలో డబ్బు కట్టి స్క్రీన్ కదలక కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. ఒక హలీం బదులు రెండు ఆర్డర్లు. అజాన్ టైమ్‌కు డబ్బు వాపస్ కోసం ఫోన్లు. రాసినవాడికి అది 4 సెకన్ల పాజ్, హోటల్‌కు మాత్రం ఆ రోజు బేరం.

గోదాములో డెడ్ స్టాక్

ఓల్డ్ భాగం ఊరికే నిండదు. చిన్న టీమ్‌ల కోడ్‌లో మాటిమాటికీ కనిపించే కారణం ఒక స్టాటిక్ హ్యాష్‌మ్యాప్. కస్టమర్ వివరాలు డేటాబేస్ నుంచి మళ్లీ మళ్లీ తేవడం ఎందుకని అందులో పెట్టుకుంటారు. పెట్టడమే గానీ తీయడం ఉండదు. నాచారంలో గోదాము నడిపే ఎవరినడిగినా చెబుతారు, అమ్ముడుపోని సరుకుకు కూడా అద్దె పడుతుందని. క్లౌడ్‌లో ఆ అద్దె గంటల లెక్కన పడుతుంది. గోదాము నిండిందని పక్కన ఇంకో గోదాము తీసుకున్నట్టు చాలామంది 4 జీబీ మెషిన్ తీసేసి 8 జీబీది పెడతారు. అది కూడా నిండుతుంది, కాకపోతే కొన్ని రోజులు ఆలస్యంగా.

ఇంకొందరు రాత్రి 2 గంటలకు సర్వర్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా పెట్టి చేతులు దులుపుకుంటారు. రంజాన్‌లో రాత్రి 2 అంటే సహర్ ఆర్డర్లు మొదలయ్యే వేళ!

లీక్‌ను కనిపెట్టడం అంత కష్టం కాదు. మెమొరీ వాడకం గ్రాఫ్ ఎప్పుడూ రంపం పళ్లలా పైకీ కిందికీ పోతుంటుంది, అది మామూలే. చూడాల్సింది కింది మొనలను. జీసీ అయిన ప్రతిసారీ వాడకం పాత స్థాయికి దిగితే ఫర్వాలేదు. ఆ కింది మొనలే రోజురోజుకూ పైకి జరుగుతుంటే ఎక్కడో ఎవరో పట్టు వదలడం లేదని అర్థం. అప్పుడు హీప్ డంప్ తీసి ఎక్లిప్స్ మ్యాట్ లాంటి ఉచిత టూల్‌లో తెరిస్తే, ఏ వస్తువు ఎంత చోటు ఆక్రమించిందో, దాన్ని ఎవరు పట్టుకున్నారో కనిపిస్తుంది. క్యాష్‌కు హద్దు పెట్టడం, వెయ్యి ఎంట్రీలు దాటితే పాతవి పోయేలా చేయడం, కెఫీన్ లాంటి లైబ్రరీ వాడితే కొన్ని లైన్ల పనే.

లైవ్ సరుకు ఎక్కువైతే ఎంత పెద్దవాళ్లయినా ఇబ్బంది పడతారు. ఎవరు ఏ మెసేజ్ చదివారో గుర్తుపెట్టుకునే డిస్కార్డ్ సర్వీసు ఒకప్పుడు గో భాషలో ఉండేది. గో కనీసం 2 నిమిషాలకోసారి జీసీ చేస్తుంది. చెత్త తక్కువే ఉన్నా లక్షల ఎంట్రీలున్న క్యాష్ మొత్తాన్ని ప్రతిసారీ తడిమి చూడాల్సి వచ్చి సర్వీసు నెమ్మదించేది. చివరికి రస్ట్ భాషలో మళ్లీ రాసుకున్నామని 2020లో ఆ కంపెనీ చెప్పింది. దీన్ని చదివి నాచారంలో ఐదుగురి టీమ్ కూడా భాష మార్చేయాలనుకుంటే అది వేలు నొప్పికి చెయ్యి తీయించుకోవడమే.

చిన్న టీమ్‌కు ఎక్కువ లాభం సెట్టింగుల్లో ఉంది, అదీ చాలా మామూలు వాటిలో. 2 జీబీ కంటెయినర్ ఇస్తే కొత్త జావాలు హీప్‌కు దానంతట అవి తీసుకునేది నాలుగో వంతు, అంటే సుమారు 512 ఎంబీ. డబ్బు 2 జీబీకి కడుతున్నారు. ‘మ్యాక్స్ ర్యామ్ పర్సంటేజ్’ అనే ఆప్షన్‌తో దాన్ని పెంచుకోవచ్చు, కానీ వందకు వంద ఇవ్వకూడదు. థ్రెడ్‌లకు, క్లాసుల సమాచారానికి హీప్ బయట కూడా చోటు కావాలి. లేదంటే మెషినే ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. జేడీకే 9 నుంచి ‘జీ1’ మామూలు కలెక్టర్ అని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ ఒక్క ప్రాసెసరే ఉన్న చౌక కంటెయినర్‌లో జావా చడీచప్పుడు లేకుండా పాత సీరియల్ కలెక్టర్‌ను ఎంచుకోవచ్చు. జీ1 పెట్టుకున్న 200 మిల్లీసెకన్ల పాజ్ కూడా లక్ష్యమే, గ్యారంటీ కాదు. పాజ్‌లు మిల్లీసెకను లోపే ఉండాలంటే జెడ్‌జీసీ ఉంది. 2023లో వచ్చిన జేడీకే 21తో అందులోనూ తరాల పద్ధతి చేరింది. దానికి మెమొరీ, ప్రాసెసర్ కొంచెం ఎక్కువ ఇవ్వాలి.

కోడ్‌లో ‘సిస్టమ్ డాట్ జీసీ’ అని రాసి కలెక్టర్‌ను పిలిచే అలవాటు మాత్రం మానుకోవాలి. అది తరచూ అవసరం లేని ఫుల్ జీసీకి దారి తీస్తుంది. ఫైళ్లు, డేటాబేస్ కనెక్షన్లు సకాలంలో మూయడం కలెక్టర్ బాధ్యత కాదు. జావా 7లో వచ్చిన ‘ట్రై విత్ రిసోర్సెస్’ అందుకే ఉంది. లక్ష లైన్ల రిపోర్టును ఒకేసారి లిస్టులోకి లాగకుండా 500 చొప్పున తెచ్చుకుంటే అసలు గొడవే తగ్గుతుంది.

ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా చేయాల్సిన పని జీసీ లాగ్ తెరవడం. జేడీకే 9 నుంచి ‘ఎక్స్‌లాగ్’ ఆప్షన్‌కు ‘జీసీ’ అని ఇచ్చి ప్రోగ్రామ్ మొదలుపెడితే చాలు. ప్రోగ్రామ్ మొదలైన ఎన్ని సెకన్లకు జీసీ వచ్చింది, ముందు ఎంత, తర్వాత ఎంత, ఎన్ని మిల్లీసెకన్లు ఆగింది, అన్నీ లైను లైనుగా రాస్తుంది. రద్దీ ఉన్న ఒక్క సాయంత్రం లాగ్ తీసుకుని ‘పాజ్ ఫుల్’ అనే మాట కోసం వెతికితే, సమస్య జీసీలో ఉందో, డేటాబేస్‌లో ఉందో, బయటి పేమెంట్ సర్వీసులో ఉందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.